ఇజ్రాయెల్ మొదటి ముప్పై ఏళ్ళు చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

ఇజ్రాయెల్ చరిత్ర అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి నాలుగు సంవత్సరాలు: 1948, 1956, 1967, 1973. నాలుగూ యుద్ధాలే. నేనూ మొదట అలాగే చదివాను. ఏ యుద్ధంలో ఎవరు ఎంత నేల పట్టుకున్నారో బట్టీ వచ్చేసింది కానీ, ఆ యుద్ధాల మధ్య అక్కడి మనుషులు ఏం తిన్నారు, ఏ భాషలో పోట్లాడుకున్నారు, వాళ్ళున్న ఇంట్లో అంతకుముందు ఎవరుండేవారు అని అడిగితే ఒక్క ముక్క చెప్పలేకపోయేవాణ్ణి. తర్వాత పద్ధతి మార్చి మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఆ రెండోసారి చదివిన పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. యుద్ధాలు వద్దనడం లేదు, వాటితో మొదలుపెట్టొద్దంటున్నాను, అంతే.

ఒక నోట్‌బుక్ తీసుకుని మొదటి పేజీ పైన మూడు అంకెలు రాయండి. 1948 మేలో అక్కడున్న యూదులు సుమారు 6.5 లక్షలు. అప్పటి నుంచి 1951 చివరి దాకా కొత్తగా వచ్చి దిగిన యూదులు దాదాపు 6.9 లక్షలు. 1948 యుద్ధంలో ఇళ్ళు వదిలి పారిపోయిన, లేదా తరిమేయబడిన పాలస్తీనా అరబ్బులు సుమారు 7 లక్షలు, వాళ్ళని మళ్ళీ రానివ్వలేదు. లోపల మిగిలినవాళ్ళు లక్షన్నర. నలుగురున్న ఇంట్లోకి మూడున్నరేళ్ళలో ఇంకో నలుగురు మూటాముల్లెతో దిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి, అదీ ఒకరి భాష ఒకరికి రాదు, ఇంట్లో బియ్యం లేవు, ఆ ఇల్లు ఎవరిది అనే గొడవ వీధిలో ఇంకా నడుస్తూనే ఉంది. తర్వాత మీరు చదివే ప్రతి సంగతీ, రేషన్ కానివ్వండి, అల్లర్లు కానివ్వండి, చట్టం కానివ్వండి, ఈ మూడు అంకెల్లో ఏదో ఒకదాని దగ్గరికి వచ్చి ఆగుతుంది.

తర్వాత తేదీల సంగతి. ఇది మనవాళ్ళకి తేలిగ్గా అర్థమవుతుంది, ఎందుకంటే వాళ్ళదీ మన ఉగాదిలాంటి వ్యవహారమే. స్వాతంత్ర్య దినం మే 14 కాదు, హీబ్రూ క్యాలెండర్‌లో ఇయ్యార్ నెల ఐదో రోజు, అందుకే ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది. మనకి అధిక మాసం ఉన్నట్టే వాళ్ళకీ 19 ఏళ్ళలో ఏడుసార్లు ఒక నెల ఎక్కువ వస్తుంది. తేడా ఏంటంటే మనకి రోజు సూర్యోదయంతో మొదలైతే వాళ్ళకి సూర్యాస్తమయంతో మొదలవుతుంది. ఈ ఒక్క ముక్క తెలిస్తే 1948 మే 14 శుక్రవారం సాయంత్రం నాలుగింటికి టెల్ అవీవ్ మ్యూజియంలో అంత హడావుడిగా ప్రకటన ఎందుకు చదివారో తెలుస్తుంది. బ్రిటిష్ పాలన అర్ధరాత్రికి ముగుస్తుంది, కానీ చీకటి పడితే సబ్బాతు, అంటే యూదుల విశ్రాంతి దినం, అప్పుడు సంతకాలు పెట్టకూడదు. దేశానికి మొదటి ప్రధాని అయిన బెన్ గురియన్ చదివేశాడు, మొత్తం తంతు 32 నిమిషాల్లో అయిపోయింది.

ఇప్పుడు మాటల దగ్గర జాగ్రత్త. తెలుగు బైబిలు చదివినవాళ్ళకి ఇక్కడ ఒక లాభం, ఒక ప్రమాదం. లాభం ఏంటంటే గలిలయ, బెయేర్షెబా, కిన్నెరెతు లాంటి పేర్లు కొత్తగా అనిపించవు (కిన్నెరెతు అనే పేరు కిన్నోర్ అనే తీగల వాద్యం నుంచి వచ్చిందంటారు, మన కిన్నెర వెంటనే గుర్తొస్తుంది కదా). ప్రమాదం ఏంటంటే బైబిల్లోని ఇశ్రాయేలీయులనీ 1948 తర్వాతి ఇజ్రాయెల్ పౌరులనీ ఒకటే అనుకుని చదువుతూ పోతారు. పౌరుల్లో మొదటి రోజు నుంచీ అరబ్బులున్నారు, ముస్లింలు, క్రైస్తవులు, డ్రూజ్‌లు. 1949 జనవరి 25న జరిగిన మొదటి ఎన్నికల్లో వాళ్ళూ ఓటేశారు. అలాగే 1948 యుద్ధానికి రెండు పేర్లుంటాయి: యూదులు స్వాతంత్ర్య యుద్ధం అంటారు, పాలస్తీనీయులు నక్బా అంటారు, అంటే మహా విపత్తు. మీరు చదివే వ్యాసం రెండు పేర్లలో ఏదో ఒకటే వాడి రెండోదాన్ని ఎక్కడా చెప్పకపోతే, పక్కన పెన్సిల్‌తో చిన్న ప్రశ్న గుర్తు పెట్టుకోండి. ఆ వ్యాసాన్ని పారేయక్కర్లేదు, సగమే చదివామని గుర్తుంటే చాలు.

ఇక వంటింట్లోకి రండి. నా లెక్కలో ఆ దేశాన్ని చదవడానికి సరైన గుమ్మం ఇదే. 1949 ఏప్రిల్‌లో ప్రభుత్వం త్సెనా అనే పొదుపు విధానం ప్రకటించింది. డోవ్ యోసెఫ్ అనే మంత్రి రేషన్, సరఫరాల శాఖ చూశాడు. ప్రతి కుటుంబం ఒక కిరాణా కొట్టుకి పేరు రాయించుకోవాలి, సరుకులు అక్కడే తీసుకోవాలి, అచ్చం మన రేషన్ షాపులాగే. గుడ్ల బదులు గుడ్ల పొడి. మాంసం అరకొర. యూరప్ యూదులకి ఇష్టమైన లివర్ వంటకాన్ని వంకాయతో చేసుకున్నారు, మన వంకాయే, అక్కడ లివర్ వేషం కట్టింది. ఆ మరుసటి ఏడాది బట్టలకీ చెప్పులకీ కూడా కూపన్లొచ్చాయి. దాంతో బ్లాక్ మార్కెట్ పుట్టింది, ఇన్‌స్పెక్టర్లు బస్సులాపి సంచుల్లో కోడి, గుడ్లు వెతికారు. జనం విసిగిపోయారు, 1951 ఎన్నికల్లో కంట్రోళ్ళని తిట్టే జనరల్ జయోనిస్టుల పార్టీ 7 సీట్ల నుంచి 20కి ఎగబాకింది. బియ్యం దొరక్క 1953 ప్రాంతంలో బెన్ గురియన్ అడిగితే ఒక కంపెనీ గోధుమ పిండితో బియ్యం గింజల్లా చేసి అమ్మింది, ప్తితిమ్ అంటారు, బెన్ గురియన్ బియ్యం అనే ముద్దు పేరూ ఉంది. ఇప్పటికీ పిల్లలకి వండిపెడుతుంటారు. రేషన్ పూర్తిగా పోయింది 1959లో.

రేషన్ గురించి చదివాక తప్పనిసరిగా అడగాల్సిన ప్రశ్న: మరి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? ఇక్కడ చాలామంది అమెరికా అనేసి ఊరుకుంటారు. ఆ మొదటి దశాబ్దంలో పెద్ద ఊపిరి, నాజీలు యూదులకి చేసినదానికి పశ్చిమ జర్మనీ ఇచ్చిన నష్టపరిహారం. 1952 జనవరిలో ఈ విషయం మీద క్నెస్సెట్‌లో, అంటే వాళ్ళ పార్లమెంటులో, చర్చ జరుగుతుంటే బయట జెరూసలేం వీధుల్లో ప్రతిపక్ష నాయకుడు మెనాచెమ్ బెగిన్ సభ పెట్టాడు, మా వాళ్ళని చంపినవాళ్ళ డబ్బు ముట్టుకుంటారా అని. గుంపు పార్లమెంటు భవనం మీదికి రాళ్ళు రువ్వింది, అద్దాలు పగిలాయి, లోపల చర్చ ఆగలేదు. ఓటింగ్‌లో 61కి 50. సెప్టెంబర్‌లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి: ఇజ్రాయెల్‌కి 300 కోట్ల మార్కులు, చాలావరకు నగదు కాదు, ఓడలు, ఉక్కు, యంత్రాలు, ఇంధనం. ఈ 61-50 అనే అంకెని ఊరికే దాటేయొద్దు. తల్లిదండ్రుల్ని నాజీ శిబిరాల్లో పోగొట్టుకున్నవాళ్ళు రెండు పక్షాల్లోనూ ఉన్నారు.

ఇప్పుడు అసలు చిట్కాకి వస్తున్నాను. దేశం మొత్తం ఒకేసారి చదవకండి, ఒక వీధి పట్టుకోండి. నేనైతే వాడి సలీబ్ పట్టుకోమంటాను. హైఫా నగరంలో కొండ కిందికి, రేవుకి దగ్గరగా ఉన్న పేట అది. 1948 దాకా అరబ్బుల పేట. ఏప్రిల్‌లో హైఫా యూదుల చేతికొచ్చాక నగరంలోని అరబ్బుల్లో ఎక్కువమంది వెళ్ళిపోయారు, ఇళ్ళు ఖాళీ అయ్యాయి. 1950లో వెళ్ళిపోయినవాళ్ళ ఆస్తుల చట్టం వచ్చింది, ఆ ఇళ్ళు ప్రభుత్వం కిందికి పోయాయి. (దేశం దాటకుండా పక్క ఊరికి పారిపోయినవాళ్ళ ఆస్తి కూడా పోయింది, వాళ్ళకొచ్చిన పేరే విచిత్రంగా ఉంటుంది, హాజరులో ఉన్న గైర్హాజరీలు అని.) ఆ ఇళ్ళల్లోకి మొరాకో నుంచి వచ్చిన యూదుల్ని దింపారు, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం, పని ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. కొండ పైన కార్మెల్ మీద యూరప్ నుంచి వచ్చినవాళ్ళు మెరుగ్గా ఉండటం కింద నుంచి రోజూ కనబడుతూనే ఉంటుంది.

1959 జులైలో ఒక రాత్రి ఆ పేటలో తాగి గొడవ చేస్తున్న మొరాకో యూదుణ్ణి పోలీసులు కాల్చారు. చచ్చిపోయాడని పుకారు లేచింది, నిజానికి బతికాడు. తెల్లారేసరికి పేట మొత్తం రోడ్డు మీదికొచ్చింది, పోలీసు స్టేషన్ ముందు మొదలై కొండ పైకి వెళ్ళి అధికార పార్టీ మపాయ్, కార్మిక సంఘం హిస్తద్రుత్ ఆఫీసుల దాకా రాళ్ళు పడ్డాయి, తర్వాత బెయేర్షెబా లాంటి ఊళ్ళకీ పాకింది. ప్రభుత్వం విచారణ కమిషన్ వేసింది. ఇదంతా అయ్యాక నవంబర్‌లో ఎన్నికలొస్తే మపాయ్‌కి 47 సీట్లు, ఆ పార్టీ చరిత్రలోనే ఎక్కువ. ఎలా? కడుపు మండినవాడు ఓటు మార్చడానికి ఒక్కోసారి ఇరవై ఏళ్ళు పడుతుందనుకుంటాను, ఎందుకంటే ఉద్యోగం, ఆసుపత్రి కార్డు, ఇల్లు అన్నీ ఆ పార్టీ, ఆ సంఘం చేతుల్లోనే ఉన్నాయి. ఒక్క పేటలో మూడు అంకెలూ కనిపించాయి చూడండి: వెళ్ళిపోయినవాళ్ళు, కొత్తగా వచ్చినవాళ్ళు, ముందు నుంచీ ఉన్నవాళ్ళు.

వీధి అయ్యాక ఒక మనిషిని పట్టుకోండి. అందరూ బెన్ గురియన్‌నో గోల్డా మెయిర్‌నో మోషే దయాన్‌నో పట్టుకుంటారు, వాళ్ళ గురించి వద్దన్నా తెలుస్తుంది. నేను బెన్యమిన్ హలేవి అనే జడ్జిని పట్టుకున్నాను, అదీ అనుకోకుండా, మూడు వేరువేరు కేసుల నోట్సులో ఒకే పేరు కనబడితే.

మొదటిది కాస్ట్నర్ కేసు. రుడాల్ఫ్ కాస్ట్నర్ 1944లో హంగరీలో నాజీలతో బేరమాడి ఒక రైలు నిండా యూదుల్ని బయటపడేశాడు. ఇజ్రాయెల్‌లో ప్రభుత్వోద్యోగి అయ్యాక ఒక ముసలాయన కరపత్రం వేసి అతన్ని నాజీల తొత్తన్నాడు, ప్రభుత్వం ఆ ముసలాయన మీద పరువునష్టం కేసు పెట్టింది. కేసు కాస్తా అడ్డం తిరిగి కాస్ట్నర్ మీద విచారణలా మారింది. 1955లో హలేవి తీర్పు: కాస్ట్నర్ తన ఆత్మని సైతానుకి అమ్ముకున్నాడు. ఆ దెబ్బకి మంత్రివర్గం కూలింది. 1957లో కాస్ట్నర్‌ని అతని ఇంటి ముందే కాల్చారు, ఆ గాయాలతో పోయాడు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు హలేవి తీర్పులో చాలా భాగం కొట్టేసింది, అప్పటికి వినడానికి కాస్ట్నర్ లేడు.

రెండోది కఫ్ర్ ఖాసిం. 1956 అక్టోబర్ 29, సూయెజ్ యుద్ధం మొదలైన రోజే, జోర్డాన్ సరిహద్దు దగ్గర ఈ అరబ్ గ్రామంలో కర్ఫ్యూని సాయంత్రం ఐదింటికి జరిపారు. గ్రామపెద్దకి చెప్పింది నాలుగున్నరకి. పొలాలకీ పనులకీ వెళ్ళినవాళ్ళు వందల్లో బయటున్నారు, వాళ్ళకెలా తెలుస్తుంది అని అతను అడిగాడు. తెలియలేదు. సైకిళ్ళ మీద, బండ్ల మీద, ట్రక్కుల్లో ఇంటికొస్తున్నవాళ్ళని సరిహద్దు పోలీసులు ఆపి కాల్చారు. చనిపోయినవాళ్ళు 50కి దగ్గర, వాళ్ళలో ఆడవాళ్ళు, పిల్లలు కూడా. వీళ్ళంతా ఇజ్రాయెల్ పౌరులే. సెన్సార్ వల్ల పత్రికల్లో పూర్తి కథ రావడానికి వారాలు పట్టింది. సైనిక కోర్టులో అధ్యక్షత వహించింది హలేవి. పై అధికారి చెప్పాడు, చేశాం అన్నారు ముద్దాయిలు. కొన్ని ఆదేశాల మీద నిషిద్ధం అని నల్లజెండా ఎగురుతున్నట్టు కనబడుతుంది, అలాంటిదాన్ని పాటించకూడదు అని ఆయన రాశాడు. ఆ మాట ఇప్పటికీ ఇజ్రాయెల్ సైన్యంలో నేర్పుతారు. ఎనిమిది మందికి శిక్ష పడింది, కానీ 1960 కల్లా అందరూ బయటికొచ్చేశారు, వేరే విచారణలో బ్రిగేడ్ కమాండర్‌కి పడిన జరిమానా పది ప్రుతాలు, అంటే పైసలు. తీర్పునీ జరిమానానీ ఒకే పేజీలో పక్కపక్కన రాసుకోండి.

మూడోది ఐఖ్‌మన్ విచారణ, యూదుల్ని చావు శిబిరాలకి తరలించే పని నడిపిన నాజీ అధికారి అతను, విచారణ 1961 ఏప్రిల్‌లో మొదలైంది. హలేవి జెరూసలేం జిల్లా కోర్టు అధ్యక్షుడు కాబట్టి ఆయనే నడపాలి, కానీ సైతాను మాట అన్నాయన ఇంత పెద్ద కేసు నడిపితే ఎలా అని ప్రభుత్వానికి టెన్షన్ పట్టుకుంది. చట్టం సవరించి సుప్రీంకోర్టు జడ్జి మోషే లాండౌని పైన కూర్చోబెట్టారు, హలేవి ముగ్గురిలో ఒకరయ్యారు. అప్పటికి టీవీ లేదు (సాధారణ ప్రసారాలు 1968లోగానీ రాలేదు), జనం రేడియో దగ్గర కూర్చుని సాక్షుల గొంతులు విన్నారు. అప్పటిదాకా శిబిరాల నుంచి బతికొచ్చినవాళ్ళు పక్కింట్లోనే ఉన్నా వాళ్ళని ఏం జరిగిందని పెద్దగా అడిగినవాళ్ళు లేరు. చివరికి 1969లో ఈ హలేవి బెగిన్ పార్టీ ఉన్న కూటమి తరఫున ఎంపీ అయ్యాడు. ఒక్క మనిషి వెనక నడిస్తే ఇంత కనబడుతుంది, అందుకే చెప్పాను.

కఫ్ర్ ఖాసిం చదివాక సైనిక పాలన అనే మాట దాటేయలేరు. ఇజ్రాయెల్ లోపలి అరబ్ ప్రాంతాల్లో 1948 నుంచి 1966 డిసెంబర్ దాకా సైనిక పాలన ఉంది, ఊరు దాటాలంటే పర్మిట్ కావాలి. అది ఎత్తేసిన ఆరు నెలలకి, 1967 జూన్‌లో, వెస్ట్ బ్యాంక్, గాజాల్లో కొత్త సైనిక పాలన మొదలైంది.

మ్యాపుల గురించి కొంచెం. ఇజ్రాయెల్‌నీ వెస్ట్ బ్యాంక్‌నీ విడదీసే గ్రీన్ లైన్ అనే మాట రోజూ వింటాం. 1948 నవంబర్‌లో జెరూసలేంలో ఇజ్రాయెల్ కమాండర్ మోషే దయాన్, జోర్డాన్ కమాండర్ అబ్దుల్లా అల్ తల్ 1:20,000 మ్యాపు పరుచుకుని మందపాటి మైనం పెన్సిళ్ళతో చెరో గీతా గీశారు, ఒకటి ఎరుపు, ఒకటి పచ్చ. పెన్సిల్ మొన మొద్దు, గీత మందం మూడు నాలుగు మిల్లీమీటర్లు, నేల మీదికొస్తే అది 60 నుంచి 80 మీటర్లు. గీత మందంలో ఇళ్ళూ వీధులూ ఇరుక్కున్నాయి, గీత కింద ఉన్న ఇల్లు ఎవరిదని ఏళ్ళ తరబడి తగువు. ఇప్పుడు ఏ మ్యాపులో సన్నని గీత కనబడినా స్కేలు పెట్టి గుణించి చూడండి, సరదాగా ఉంటుంది, భయంగానూ ఉంటుంది.

మనవాళ్ళకి బాగా ఇష్టమైన టాపిక్, ఎడారిలో వ్యవసాయం. ఇజ్రాయెల్‌ని చూసి నేర్చుకోండి అని వాట్సాప్‌లో వచ్చే మెసేజ్‌లన్నీ డ్రిప్ పైపు దగ్గరే ఆగిపోతాయి. డ్రిప్ నిజమే, సిమ్హా బ్లాస్ అనే నీటి ఇంజినీరు ఐడియా, 1965లో హత్సెరిమ్ అనే కిబ్బుట్జ్‌లో (అందరూ కలిసి పనిచేసుకునే ఉమ్మడి గ్రామం) ఫ్యాక్టరీ. కానీ అంతకుముందు ఏడాదే, 1964లో, కిన్నెరెతు సరస్సు నీళ్ళని దక్షిణానికి తెచ్చే జాతీయ కాలువ, పైపుల వ్యవస్థ పూర్తయింది. సరస్సు సముద్ర మట్టానికి 200 మీటర్లకు పైగా కింద ఉంది, కాబట్టి నీళ్ళని మోటర్లతో పైకి ఎత్తి పోయాలి, మన ఎత్తిపోతల పథకాలు చూసినవాళ్ళకి ఆ కరెంటు బిల్లు సంగతి చెప్పక్కర్లేదు. ఆ నీళ్ళ మీద సిరియాతో మొదలైన కాల్పులు 1967 యుద్ధానికి దారితీసిన కారణాల్లో ఒకటి. ఇంకోటి, 1951 నుంచి 58 దాకా హులా చిత్తడి నేలని ఎండగట్టి పొలాలు చేశారు, గొప్ప విజయం అనుకున్నారు, తర్వాత ఆ మట్టి ఎండి నిప్పంటుకోవడం, కుంగిపోవడం మొదలైంది, 1990లలో కొంత భాగంలోకి మళ్ళీ నీళ్ళు వదిలారు. ఇవి మెసేజ్‌లలో రావు. ఇవన్నీ ప్రైవేటు కంపెనీల ఘనత అనుకుంటే మాత్రం పప్పులో కాలేసినట్టే, అప్పుడు భూమి, నీళ్ళు, ఉద్యోగాలు ఎక్కువభాగం ప్రభుత్వం, హిస్తద్రుత్ చేతుల్లో ఉండేవి.

మన దేశం లింకు కావాలంటే రెండు చాలు. ఐక్యరాజ్యసమితిలో 1947 నవంబర్ 29న పాలస్తీనా విభజన తీర్మానానికి 33 అనుకూలం, 13 వ్యతిరేకం, వ్యతిరేకంగా వేసినవాళ్ళలో మనమూ ఉన్నాం. 1950 సెప్టెంబర్‌లో ఇజ్రాయెల్‌ని గుర్తించాం, రాయబార కార్యాలయాల దాకా రావడానికి 1992 అయింది. రెండోది, మనుషుల కథ: 1950లలో కొచ్చి యూదుల్లో ఎక్కువమంది వెళ్ళి నెవాటిమ్ లాంటి వ్యవసాయ గ్రామాల్లో స్థిరపడ్డారు. బొంబాయి వైపు నుంచి వెళ్ళిన బెనే ఇజ్రాయెల్ వాళ్ళకి మాత్రం మీరు అసలు యూదులేనా అని పెళ్ళిళ్ళ దగ్గర రబ్బీలు, అంటే యూదు మతగురువులు, అడ్డుపడ్డారు, వాళ్ళు జెరూసలేంలో ధర్నాకి కూర్చున్నారు, 1964 ఆగస్టులో క్నెస్సెట్ కలగజేసుకుని వాళ్ళు అన్ని విధాలా యూదులే అని తీర్మానం చేయాల్సొచ్చింది.

అనువాదాలతో ఒక హెచ్చరిక. 1967 నవంబర్‌లో వచ్చిన ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 242వ తీర్మానం ఆక్రమించిన భూభాగాల నుంచి ఇజ్రాయెల్ వెనక్కి వెళ్ళాలంటుంది. ఇంగ్లీషు పాఠంలో భూభాగాలు అనే మాట ముందు 'ద' లేదు, కాబట్టి అన్నీ వదలాలని కాదని ఇజ్రాయెల్, ఫ్రెంచి పాఠంలో ఆ అర్థం వచ్చేలా ఉంది కాబట్టి అన్నీ అని అరబ్ దేశాలు. తెలుగులో 'ద' అనేదే లేదు కదా, అందుకని తెలుగు వ్యాసంలో ఈ తగువు మొత్తం కంటికి కనబడకుండా మాయమైపోతుంది. చట్టాలు, తీర్మానాలు మాత్రం ఒక్కసారైనా ఇంగ్లీషులో చూడండి.

పుస్తకం చేతికి రాగానే ముందు అచ్చయిన సంవత్సరం చూడండి. ముప్పై ఏళ్ళు గడిచిన ప్రభుత్వ కాగితాలు బయటికి రావడం 1970ల చివర్లో మొదలైంది, అవి చదివి రాసిన పుస్తకాలు 1980ల చివర్లో వచ్చాయి, శరణార్థులు ఎందుకు వెళ్ళారు అనే ప్రశ్న మీద అక్కడి చరిత్రకారులే అప్పటి నుంచి కొట్టుకుంటున్నారు. 1975లో రాసిన పుస్తకం అబద్ధం అనను, ఆ రచయిత ఆ ఫైళ్ళు చూసి ఉండడు, అంతే.

ఎక్కడ ఆపాలి? 1977 మే 17 దగ్గర. 1952లో పార్లమెంటు బయట సభ పెట్టిన బెగిన్ ఆ రాత్రి గెలిచాడు, అప్పటిదాకా మపాయ్, దాని వారసులు తప్ప ఇంకొకరు ప్రభుత్వం నడపలేదు. టీవీ యాంకర్ మహపాఖ్ అన్నాడు, తలకిందులైంది అని, ఆ పేరే ఆ ఎన్నికలకి నిలిచిపోయింది. వాడి సలీబ్ లాంటి పేటల ఓట్లు ఎటు పడ్డాయో వెతకండి, 1959 నాటి 47 సీట్లకి జవాబు అక్కడ దొరుకుతుంది.

ఈ రోజే మొదలుపెట్టాలనుకుంటే ఇజ్రాయెల్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో పాత పత్రికలు ఉచితంగా ఉన్నాయి. పాలస్తీన్ పోస్ట్ అని వెతకండి, ఇంగ్లీషు పత్రికే, 1950లో జెరూసలేం పోస్ట్ అని పేరు మార్చుకుంది. 1948 మే 16 సంచిక తెరవండి. పైన పెద్ద అక్షరాల్లో కొత్త దేశం పుట్టిందని హెడ్‌లైన్ ఉంటుంది. దాన్ని చదివేసి ఆపకుండా కింద చిన్న అక్షరాల్లో ఉన్నవి కూడా చదవండి.